ముత్యాలు పండించిన మికిమోటో

మా అమ్మమ్మ ముత్యాల దండ ఇప్పుడు నా దగ్గరుంది. 1960లలో తాతయ్య ఏదో కోర్టు పనిమీద హైదరాబాద్ వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు చార్మినార్ దగ్గర కొని తెచ్చాడట. బస్రా ముత్యాలే, బస్రా ముత్యాలే అని అమ్మమ్మ బతికినన్నాళ్లూ చెప్పేది. ఆవిడ నుంచి అమ్మకీ, నా పెళ్లిలో అమ్మ నుంచి నాకూ వచ్చింది. నా డిగ్రీ ఫీజులకి అమ్మ చేతి గాజులు రెండు జతలు వెళ్లిపోయాయి గానీ, ఈ దండ జోలికి మాత్రం ఆవిడ వెళ్లలేదు.

మొన్నామధ్య ఓ గృహప్రవేశంలో మా తోడికోడలు ఆ దండని వేళ్లతో పైకెత్తి చూసి, ఇమిటేషన్ కాబోలు అనేసింది. నిజం బస్రా ముత్యాలైతే ఇలా పేరంటాలకి వేసుకొస్తారా, లాకర్లో పెట్టుకోరూ అని కూడా అంది. నలుగురూ నవ్వారు, నేనూ నవ్వాను. రాత్రి ఇంటికొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. గాజుపూసల కోసమా అమ్మ బంగారం అమ్ముకుంది? దండ తీసి పరీక్ష చేయడానికి ధైర్యం చాల్లేదు. ముందు ముత్యాల సంగతేమిటో తెలుసుకుందామని పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాను. ఏ పుస్తకం తీసినా ఒకటే పేరు ఎదురైంది. కొకిచి మికిమోటో. చదువుతూ చదువుతూ నా దండ సంగతి కాసేపు మర్చిపోయానంటే నమ్మండి.

జపాన్‌లో ఇసె అనే పెద్ద పుణ్యక్షేత్రం ఉంది. దానికి దగ్గర్లో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు టోబా. అక్కడ 1858లో పుట్టాడు మికిమోటో. వాళ్లది ఉడాన్ దుకాణం. ఉడాన్ అంటే మన సేమ్యాకి పెద్దన్నయ్యలాంటిది, లావుపాటి గోధుమపిండి పోగులు, వేడివేడి చారులో వేసి ఇస్తారు. తండ్రికి ఆరోగ్యం అంతంతమాత్రం, వెనక తమ్ముళ్లూ చెల్లెళ్లూ. పెద్దకొడుకు సంగతి మనకి చెప్పక్కర్లేదు కదా, పద్నాలుగో ఏటికే కూరగాయల వ్యాపారం మొదలుపెట్టాడు.

ఆ కుర్రాడి తెలివికి ఒక్క ముచ్చట చాలు. ఓసారి బ్రిటిష్ నౌక ఒకటి టోబా రేవుకి వచ్చింది. కూరలూ గుడ్లూ అమ్ముకోవాలని పడవల మీద అందరూ చుట్టుముట్టారు, ఎవరినీ పైకి రానివ్వలేదు. మికిమోటో తన పడవలో వెల్లకిలా పడుకుని, కాళ్లు పైకెత్తి, పాదాల మీద వస్తువుల్ని గిరగిరా తిప్పడం మొదలుపెట్టాడు, మన దొమ్మరివాళ్లలాగా. నావికులు నవ్వుకుని పైకి పిలిచారు, సరుకంతా అమ్ముడైపోయింది. ఆ కాలి విద్యని ఆయన తొంభై ఏళ్లు వచ్చాక కూడా వచ్చినవాళ్లందరికీ చేసి చూపించేవాడట!

1878లో, ఇరవయ్యో ఏట, కాలినడకన టోక్యో వెళ్లాడు. యొకొహామా రేవులో ఓ సంగతి ఆయన కళ్లబడింది. తమ ఊరి సముద్రంలో దొరికే ముత్యాలకి విదేశీ వర్తకులు పోసే డబ్బు చూస్తే కళ్లు తిరిగాయి. తిరిగొచ్చి కూరగాయలు మానేసి సముద్రపు సరుకుల వ్యాపారంలోకి దిగాడు. అయితే డబ్బు చూసినవాళ్లు ఆయనొక్కడే కాదు. అందరూ ఆబగా ఏరేస్తుంటే ఆల్చిప్పలు కరువైపోతున్నాయి. ఒక్క ముత్యం కోసం వందల చిప్పలు కోసి పారేయడం, చాలాసార్లు ఆ ఒక్కటీ దొరక్కపోవడం. ఇలాగే సాగితే కొన్నాళ్లకి చిప్పలే ఉండవని ఆయనకి అర్థమైంది.

స్వాతికార్తెలో పడిన చినుకు ఆల్చిప్పలో ముత్యమవుతుందని మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఎంత అందమైన ఊహో! నిజంలో అంత అందం లేదు. చిప్ప లోపలి మెత్తటి జీవి ఒంట్లోకి పురుగో మరొకటో జొరబడితే, అది వదిలించుకోలేక దాని చుట్టూ ఓ నున్నటి పదార్థాన్ని పొరలు పొరలుగా పూస్తూ పోతుంది. చిప్ప లోపలి గోడకి మెరుపు ఇచ్చేదీ ఆ పదార్థమే. ఆ పొరల ఉండే ముత్యం. అంటే అది ఆల్చిప్ప బాధలోంచి వచ్చిన వస్తువు. చైనావాళ్లు వందల ఏళ్ల క్రితమే మంచినీటి చిప్పల్లో సీసపు బుద్ధుడి బొమ్మల్ని దూర్చి, వాటిమీద ముత్యపు పూత రప్పించేవారు. కానీ గుండ్రటి ముత్యాన్ని, ఓ పంటలాగా, కావలసినన్ని తీయడం ఎవరికీ చేతకాలేదు.

1890లో టోక్యో విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యుడు మిత్సుకురి కాకిచిని మికిమోటో కలుసుకున్నాడు. చిప్పలోకి మనమే ఏదన్నా పంపితే ముత్యం ఎందుకు కట్టకూడదు అనే ఆలోచనకి శాస్త్రం తోడు దొరికింది. దుకాణంలో పెరిగినవాడికి పెద్ద చదువెక్కడిది? చేతులతోనే నేర్చుకున్నాడు. గాజుముక్క, సీసం, చిప్పముక్క, ఏది దొరికితే అది వేలకొద్దీ చిప్పల్లో పెట్టి సముద్రంలో వేలాడదీశాడు. కొన్ని చచ్చిపోయేవి, కొన్ని పెట్టినదాన్ని ఉమ్మేసేవి. బతికినవాటిలోనూ ఏమీ ఉండేది కాదు. అప్పులు మాత్రం పెరిగాయి.

ఇక్కడ ఉమె గురించి చెప్పాలి. ఆయన జీవితం రాసినవాళ్లు ఆమెకి ఇచ్చేది రెండు మూడు పేరాలే. నాకైతే ఆ రెండు పేరాల దగ్గరే కథ ఆగిపోతుంది. సమురాయ్ కుటుంబంలో పుట్టిన అమ్మాయి, 1881లో పదిహేడేళ్ల వయసులో నూడుల్స్ కొట్టు ఇంటికి కోడలుగా వచ్చింది. పదిహేనేళ్ల కాపురంలో ఐదుగురు పిల్లలు. ఆయన సముద్రం మీద ఉంటే ఇల్లూ పిల్లలూ ఆమె మీద. ఊళ్లో వాళ్లు ఆయన్ని పిచ్చివాడంటే ఆ మాటలు వినాల్సింది గడప లోపల ఉన్న మనిషే కదా.

1892 నవంబరులో సముద్రం ఎర్రబడింది. నీళ్లలో ఓ రకం సూక్ష్మజీవులు ఒక్కసారిగా విజృంభిస్తే నీళ్లకి ఆ రంగు వస్తుంది, ఆ నీళ్లలో చిప్పలు బతకవు. ఆగో అఖాతంలో పెట్టినవన్నీ పోయాయి. టోబా దగ్గర చిన్న దీవి చుట్టూ వేసినవి మాత్రమే మిగిలాయి. ఇక చాలు అని ఉమె అని ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. 1893 జులై 11న ఆ దీవి దగ్గర భార్యాభర్తలిద్దరూ బుట్టలు పైకి లాగి చిప్పలు విప్పుతుంటే, ఓ చిప్ప లోపలి గోడకి అతుక్కుని మెరుస్తూ కనిపించింది ముత్యం. పూర్తి గుండ్రం కాదు, సగం కోసిన బఠాణీగింజలా ఉంది. అయినా మనిషి పెడితే ఆల్చిప్ప ఇచ్చిన ముత్యం. వాళ్ల కొడుకు ర్యూజో పుట్టింది కూడా అదే సంవత్సరం. అంటే ఆ బుట్టలు లాగేనాటికి ఆమె ఏ స్థితిలో ఉందో లెక్క మనం వేసుకోగలం. మగవాళ్లు రాసిన పుస్తకాల్లో ఆ లెక్క ఎవరూ వేయలేదు.

1896 జనవరిలో ఆ పద్ధతికి పేటెంటు వచ్చింది. ఆ ఏడాదే ఉమె చనిపోయింది. ముప్ఫై రెండేళ్లు. టోక్యోలో గింజా వీధిలో మెరిసిపోయే దుకాణం 1899లో తెరిచేనాటికి ఆమె లేదు. మొగుడు ముత్యాల రాజు అనిపించుకోవడం చూడలేదు.

ఈ కథలో ఇంకా కొందరు ఆడవాళ్లున్నారు. వాళ్లకి పేర్లు కూడా లేవు. షిమా తీరంలో సముద్రంలోకి మునిగి చిప్పలూ నాచూ తెచ్చే స్త్రీలని అమా అంటారు. ఆక్సిజన్ సిలిండరూ గొట్టమూ ఏమీ ఉండవు, ఊపిరి బిగబట్టి మునగడమే. పైకి తేలగానే వాళ్లు వదిలే ఊపిరి ఈలలా వినిపిస్తుందట. తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి వచ్చే పని అది. మికిమోటోకి సముద్రం అడుగునుంచి చిప్పలు తెచ్చి ఇచ్చిందీ, లోపల పూస పెట్టాక తిరిగి నీళ్లలో పెట్టిందీ, ఎర్రనీళ్లు వస్తున్నాయంటే వాటిని మంచి చోటికి మార్చిందీ వాళ్లే. ఆ మొదటి ముత్యం దొరికిన దీవికి ఇప్పుడు మికిమోటో పేరే పెట్టారు. అక్కడ తెల్లబట్టలు కట్టుకున్న అమాలు నీళ్లలోకి మునిగి చూపిస్తుంటే పర్యాటకులు ఫొటోలు తీసుకుంటారు.

సగం ముత్యంతో ఉంగరాలూ లోలాకులూ చేసుకోవచ్చు గానీ దండ గుచ్చడం ఎలా? గుండ్రటి ముత్యం కావాలి. మళ్లీ పన్నెండేళ్లు. 1905లో ఎర్రనీళ్లు మళ్లీ వచ్చి ఎనిమిది లక్షల యాభై వేల చిప్పల్ని చంపేశాయి. కుళ్లు వాసనలో ఆ చచ్చిన చిప్పల్ని ఒక్కొక్కటే విప్పి చూస్తే ఐదింటిలో గుండ్రటి ముత్యాలు దొరికాయి. ఎంత నష్టం, ఎంత లాభం! ఆ ఏడాదే ఇసెకి వచ్చిన మెయిజీ చక్రవర్తి ముందు, ప్రపంచంలో ఆడవాళ్లందరి మెడల్లోనూ ముత్యాలు వేయిస్తానని ఆయన మాట ఇచ్చాడట. ఆడవాళ్ల మెడల గురించి ఇద్దరు మగవాళ్ల మధ్య ఒప్పందం అన్నమాట. సరే, అది వేరే సంగతి.

గుండ్రటి ముత్యం రహస్యం ఒక్క మికిమోటోదే అనుకుంటే పొరపాటు. ఆయన అల్లుడు నిషికావా అనే శాస్త్రవేత్త, మిసె అనే వడ్రంగి, ఇద్దరూ వేరువేరుగా 1907 నాటికే ఓ కిటుకు కనిపెట్టారు. ఒక చిప్ప ఒంటి పొరలోంచి చిన్న ముక్క కోసి, గుండ్రటి పూసతో పాటు ఇంకో చిప్పలో పెడితే, ఆ ముక్కే సంచిలా పెరిగి పూస చుట్టూ ముత్యం పొరలు పోస్తుంది. మికిమోటో దగ్గర మరో పద్ధతి ఉంది, దానికి సాయపడింది కువబరా అనే పళ్ల డాక్టరు. కానీ తర్వాతి రోజుల్లో అందరూ పట్టుకున్నది నిషికావా, మిసెల దారే. నిషికావా పాపం 1909లో చిన్న వయసులోనే పోయాడు. పేరు మామగారిదే నిలిచింది. మికిమోటో గొప్పవాడు కాదని నేననను. నీళ్లు, చిప్పలు, మనుషులు, మార్కెట్టు, వీటన్నిటినీ ఒక్కచోటికి తెచ్చి నిలబెట్టింది ఆయనే. కాకపోతే పేరున్నవాడి వెనక ఎవరెవరున్నారో చూడటం నాకు అలవాటు.

లోపల పెట్టే ఆ పూస ఎక్కడిదనుకున్నారు? అమెరికాలో మిసిసిపీ నదిలో దొరికే మందపాటి ఆల్చిప్పల్ని కోసి గుండ్రంగా చెక్కిన పూస. దానిమీద జపాన్ చిప్ప కట్టే పొర మిల్లీమీటరులో సగం కూడా ఉండకపోవచ్చు. చాలా ఏళ్లు ఉంచితే పొర మందంగా, మెరుపు లోతుగా ఉంటుంది. తొందరపడి తీస్తే పల్చన. కల్చర్డ్ ముత్యం అంటే ఇదీ. మనిషి చేసేది మొదటి పని మాత్రమే, తర్వాత అంతా చిప్ప చేసుకోవాల్సిందే.

ఇమిటేషన్ ముత్యం అలా కాదు. దానికి ఆల్చిప్పతో సంబంధమే లేదు. పదిహేడో శతాబ్దంలో పారిస్‌లో జపమాలలు చేసే జాకాఁ అనే ఆయన, ఓ రకం చిన్న చేపల్ని కడిగిన నీళ్లు మిలమిలా మెరవడం చూశాడట. ఆ పొలుసుల మెరుపుని తీసి, పల్చటి గాజుబుడగల లోపల పూసి, లోపల మైనం నింపి ముత్యాలని అమ్మాడు. తర్వాత పూత గాజుపూస పైకి వచ్చింది, ఆ తర్వాత గాజు స్థానంలో ప్లాస్టిక్ కూడా వచ్చింది.

మికిమోటో ముత్యాలు 1919 నుంచి లండన్ మార్కెట్లో దిగాయి. సముద్రంలో సహజంగా దొరికిన వాటికన్నా నాలుగోవంతు తక్కువ ధర. పక్కపక్కన పెడితే ఆరితేరిన వర్తకులే తేల్చలేకపోయారు. ఇంకేముంది, గుండెలు జారిపోయాయి! ఎందుకు జారవు? అంతకు రెండేళ్ల ముందే, 1917లో, న్యూయార్క్‌లో ఓ కోటీశ్వరుడి భార్య రెండు పేటల ముత్యాల దండ మీద మనసుపడితే, ఆ దండకి బదులుగా వాళ్ల భవంతినే కార్టియే నగల కంపెనీ తీసుకుంది. దండ విలువ పది లక్షల డాలర్లు. అలాంటి సరుకు దాచుకున్నవాళ్లకి, జపాన్‌లో ఎవరో ముత్యాలు పండిస్తున్నాడంటే ఎలా ఉంటుంది? 1921లో లండన్ పత్రికలు ఇవి నకిలీలని రాశాయి. పారిస్ వర్తకులు మోసమన్నారు. వ్యవహారం కోర్టుకెక్కింది.

మికిమోటో పట్టు ఒక్కటే. చిప్ప కట్టిన పొర రెండిటిలోనూ ఒకటే అయినప్పుడు ఒకటి నిజం, ఒకటి అబద్ధం ఎలా అవుతుంది? ఇంగ్లండ్ నుంచి జేమ్సన్, ఫ్రాన్స్ నుంచి బూటాఁ వంటి శాస్త్రవేత్తలు పరీక్షించి, పైపొరలో తేడా లేదని చెప్పారు. 1924 నాటికి పారిస్‌లో తీర్పు ఆయనవైపు వచ్చింది. ఇవి నకిలీలు కావు అని తేలింది. అయితే ముత్యం అన్న మాటకి ముందు కల్చర్డ్ అన్న మాట నిలబడిపోయింది. కల్చర్డ్ అంటే పెంచినది, పండించినది అని అర్థం. మనలో చాలామంది దాన్నే ఇమిటేషన్‌కి మరో పేరనుకుంటాం. నేనూ నిన్నమొన్నటి దాకా అలాగే అనుకున్నాను.

1927లో ఆయన అమెరికా వెళ్లి ఎడిసన్‌ని కలిశాడు. బల్బు కనిపెట్టిన ఆయనే. ఆ ముత్యాలు చూసి, తన ప్రయోగశాలలో చేయలేకపోయినవి రెండే రెండు, వజ్రం ఒకటి, ముత్యం ఒకటి అని ఎడిసన్ ఒప్పుకున్నాడట. మికిమోటో ఆ మాటని జీవితాంతం చెప్పుకుని మురిసిపోయాడు. ప్రచారం చేసుకోవడంలో ఆయన తర్వాతే ఎవరైనా. 1939 న్యూయార్క్ ప్రదర్శనకి 12,250 ముత్యాలూ 366 వజ్రాలతో అమెరికా వాళ్ల స్వేచ్ఛాగంట నమూనా చేయించి పంపాడు. రోజూ పొద్దున్నే రెండు ముత్యాలు మింగుతానని, తన ఆరోగ్యానికి అదే కారణమని చెప్పేవాడట. మన ఆయుర్వేదంలో ముత్యభస్మం ఉండనే ఉంది కాబట్టి మనం నవ్వడానికి లేదు.

1932లో చేసిన పని మాత్రం చదువుతుంటే నా కడుపు తరుక్కుపోయింది. అప్పటికి జపాన్‌లో ముత్యాల పెంపకం అందరూ మొదలుపెట్టారు. తొందరగా తీసిన నాసిరకం సరుకు విదేశాలకి పోయి పేరు పాడవుతోంది. మికిమోటో కోబె నగరంలో వర్తకసంఘం భవనం ముందు మంట వేయించి, నాసిరకం ముత్యాల్ని పారతో ఎత్తి అందులో పోశాడు. బొగ్గులు పోసినట్టు! విలేకరులు ఫొటోలు తీసుకున్నారు. దాంతో మికిమోటో ముత్యం అంటే నమ్మకం కుదిరింది. తెలివైన పనే. కానీ అవి కూడా చిప్పలు ప్రాణం పెట్టి కట్టినవే కదా.

మరోపక్క గల్ఫ్ తీరంలో కొంపలు మునిగాయి. బస్రా ముత్యం అని మనం పిలిచేది బస్రా ఊళ్లో పుట్టింది కాదు. బహ్రెయిన్, కువైట్ చుట్టుపక్కల సముద్రంలో ముక్కుకి క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని మునిగినవాళ్లు తెచ్చింది. బస్రా రేవు పేరు దానికి అంటుకుంది. ఆ ముత్యాలు బొంబాయి చేరి, అక్కడినుంచి నిజాం ఊరికి వచ్చేవి. భారత ప్రభుత్వం 1995లో 218 కోట్లకి కొన్న నిజాం నగల్లో అలాంటి ముత్యాలు పేటలు పేటలుగా ఉన్నాయి. 1929 తర్వాత ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం, దానిమీద జపాన్ ముత్యాలు. రెండూ కలిసి గల్ఫ్ ముత్యాల వేటని ముగించేశాయి. ఎప్పుడూ అప్పుల్లోనే బతికిన ఆ గజ ఈతగాళ్లకి చమురు దొరికేదాకా దారి లేకపోయింది. ప్రపంచంలో ఆడవాళ్లందరి మెడలూ అలంకరిస్తానన్న మాటకి ఇలాంటి ఖరీదు కూడా ఉంది. పది లక్షల డాలర్ల దండ అన్నానే, 1957లో అమ్మితే లక్షన్నర డాలర్లే వచ్చాయి.

మికిమోటో 1954 సెప్టెంబరు 21న, తొంభై ఆరేళ్ల వయసులో, ఆ సముద్రం పక్కనే కన్నుమూశాడు. కొడుకు ర్యూజోకి ముత్యాల కన్నా పుస్తకాల మీదే మక్కువ. గాంధీగారిని కదిలించిన రస్కిన్ ఉన్నాడే, ఆయన రచనల్ని సేకరించి టోక్యోలో గ్రంథాలయం పెట్టాడు. ఉమె కొడుకు కాబట్టి ఈ ముక్క చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇంత చదివాక నా దండ తీయక తప్పలేదు. ఓ మధ్యాహ్నం తలుపు గడియపెట్టి అద్దం ముందు కూర్చున్నాను. ముత్యాన్ని కొరక్కూడదు, ముందుపళ్ల అంచుకి ఆనించి మెల్లగా అటూ ఇటూ జరపాలి. కల్చర్డ్ అయినా సహజమైనా సన్నటి ఇసుక తగిలినట్టు గరుకుగా ఉంటుంది. ఆ పొర కంటికి కనిపించని పెంకుల్లా ఒకదానిమీద ఒకటి పేర్చుకుని ఉంటుంది కనుక. ఇమిటేషన్‌దైతే గాజులా నున్నగా జారిపోతుంది. పోల్చి చూసుకోవడానికి మా అమ్మాయి స్కూలు డాన్సుకి కొన్న పూసలదండ కూడా పక్కన పెట్టుకున్నాను. ముందు అది రాసి చూశాను, జర్రున జారింది. తర్వాత అమ్మమ్మది. గుండె దడదడలాడుతోంది. గరగర!

ఇంకోటి, ఇంకోటి, వరసగా పది ముత్యాలు చూశాను. అన్నీ గరుకే. పట్టుకోగానే చల్లగా ఉండి, కాసేపటికి వేలి వేడిని పట్టుకుంటున్నాయి. పరీక్షగా చూస్తే ఏ రెండూ అచ్చం ఒక్కలా లేవు. ఒకదానికి చిన్న సొట్ట, ఒకటి కొంచెం పసుపు, ఒకటి గులాబి ఛాయ. మా అమ్మాయి దండలో అన్నీ అచ్చుపోసినట్టు కవలలే, పైగా రంధ్రాల దగ్గర పూత పాత గోళ్లరంగులా పెచ్చులూడుతోంది. ఒక్క పరీక్షనే నమ్ముకోకండి, ఈ రోజుల్లో గరుకు తెప్పించిన ఇమిటేషన్లు కూడా ఉంటాయి. పంటి పరీక్షా, రంధ్రం పరీక్షా రెండూ కలిపి చూడాలి. దుకాణంలో అయితే అడక్కుండా పళ్లకి రాయకండి, బాగుండదు కూడా.

గాజు కాదని తేలింది. మరి బస్రా సంగతి? మా ఊళ్లో దండలు గుచ్చే ముసలాయన దగ్గరికి తీసుకెళ్లాను. కంటికి అద్దం బిగించి, దారం కొంచెం జరిపి, రంధ్రంలోకి చూసి, నన్నూ చూడమన్నారు. పైన సన్నటి పొర, దాని కింద దారంలాంటి గీత, ఆ లోపల వేరే తెల్లటి పూస. లోపల పూస ఉందంటే బస్రా కాదు, జపాన్‌ది. గీత అంత తేలిగ్గా కనబడకపోతే ఎక్స్‌రే తీయించాలట. ఇప్పుడు హైదరాబాద్‌కి ఎక్కువగా వచ్చేవి చైనా మంచినీటి ముత్యాలు, వాటిలో చాలావాటికి లోపల పూసే ఉండదు, అందుకని గీత లేనంత మాత్రాన బస్రా అని మురిసిపోవద్దని కూడా చెప్పారు. పొర మందంగా ఉంది, యాభై అరవై ఏళ్లయినా మెరుపు పోలేదు, ముందు సెంటు కొట్టుకుని ఆ తర్వాతే దండ వేసుకోండి, తీశాక మెత్తటి గుడ్డతో తుడవండి అన్నారు.

అక్కడి నుంచే అమ్మకి ఫోన్ చేశాను. ఎలా చెప్పాలో తెలీక ముందు మికిమోటో కథ సగం చెప్పాను. అమ్మ ఓపిగ్గా విని, బస్రావి కావని తాతయ్యకి మొదటినుంచీ తెలుసంది. గుమాస్తా జీతానికి బస్రా ముత్యం ఒక్కటి కూడా రాదుట. జపాన్‌వని ఆయన చెబుతూనే ఉన్నా అమ్మమ్మే వినిపించుకోలేదుట. అలా వినిపించుకోకపోవడం ఆవిడకి ఇష్టమని తెలిసి ఆయనా ఊరుకున్నాడుట.

దారం పాతబడింది, ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేసి మళ్లీ గుచ్చమని ఇచ్చాను. అలా ముడి వేస్తే ఎప్పుడైనా తెగినా ఒక్కటే జారుతుంది, ఒకదానికొకటి రాసుకోవు కూడా. ముసలాయన ముత్యాల్ని నల్లగుడ్డ మీద పోసి, మూడేసి చొప్పున వేలితో జరుపుతూ లెక్కపెట్టి, చీటీ రాసిచ్చారు. కల్చర్డ్ ముత్యాలు, ఎనభై ఏడు. ఆ మొదటి మాట మరోసారి చదువుకుని, చీటీ మడిచి పర్సులో పెట్టుకున్నాను.